ఉమాశంకర్ జోషి

ఉమాశంకర్ జేఠాలాల్ జోషి (జూలై 21, 1911 - డిసెంబరు 19, 1988) సుప్రసిద్ధ గుజరాతీ కవి, నాటకకర్త, కథకుడు, విమర్శకుడు, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు. "నిశీథ్" కావ్యసంపుటికి 1967వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని కన్నడ మహాకవి కువెంపుతో సంయుక్తంగా అందుకొన్నాడు. గాంధీయుగపు ఆశలతో మొదలైన ఈయన కవిత్వం, స్వాతంత్ర్యానంతరం మనిషి మనస్సులో ఏర్పడిన చీలికలను కూడా దాపరికం లేకుండా చిత్రించింది. ఇరవై ఏళ్ళ వయస్సులో విశ్వశాంతిని గానం చేసిన కవే, నలభై ఐదేళ్ళకు తాను ఛిన్నాభిన్నమైపోయానని వ్రాశాడు. ఈ రెండింటి మధ్య నిజాయితీతో సాగిన అన్వేషణే ఆయన కవితాజీవితం.

బాల్యము, విద్యాభ్యాసము

ఉమాశంకర్ అప్పటి ఈడర్ సంస్థానంలోని బామణా గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం ప్రస్తుతం గుజరాత్ రాష్ట్రంలోని ఆరావళి జిల్లాలో ఉంది. తండ్రి జేఠాలాల్, తల్లి నవల్‌బాయి. తొమ్మండుగురు సంతానంలో ఈయన మూడవవాడు. ఆరావళి కొండలు, వాగులు, పల్లెటి జాతరలు, ఆ ప్రాంతపు మాండలికం తరువాతి కాలంలో ఆయన కవితలకు, నాటికలకు ముడిసరుకయ్యాయి. ఈడర్‌లోను, అహ్మదాబాదులోను పాఠశాల చదువు ముగించి 1928లో గుజరాత్ కళాశాలలో చేరాడు. ఆబూ పర్వతం మీది నఖీ సరస్సుపై శరత్పూర్ణిమను వర్ణిస్తూ అదే సంవత్సరం వ్రాసిన సానెట్ (పదునాలుగు పాదాల కవిత) ఆయన తొలి కవితగా ప్రసిద్ధం.

స్వాతంత్ర్యోద్యమము - విశ్వశాంతి

1930లో ఉప్పు సత్యాగ్రహం పిలుపు నందుకొని ఉమాశంకర్ చదువు మానివేసి ఉద్యమంలో చేరి జైలుకు వెళ్ళాడు. విడుదలైన తరువాత 1931లో గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠంలో కొంతకాలం ఉన్నాడు. అక్కడే "విశ్వశాంతి" అనే ఖండకావ్యాన్ని రచించాడు. ఆరు ఖండాల ఈ కావ్యానికి గాంధీజీ జీవితమూ సందేశమూ ప్రేరణ. దేశవిముక్తి కోసం పోరాడుతున్న యువకుడు తన దేశం వరకే ఆగక సమస్త మానవాళి శాంతిని కోరడం ఇందులోని విశేషం. ఈ ఒక్క కావ్యంతోనే ఆయన గుజరాతీ సాహిత్యంలో నిలదొక్కుకొన్నాడు. 1932లో మరల జైలుశిక్ష అనుభవించాడు.

ఉద్యమం నుండి తిరిగివచ్చి ముంబైలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1936లో బి.ఏ., 1938లో గుజరాతీ, సంస్కృతాలలో ఎం.ఏ. పట్టా పొందాడు. 1937లో జ్యోత్స్నతో వివాహం జరిగింది. వీరికి ఇద్దరు కుమార్తెలు.

గంగోత్రి, నిశీథ్

"గంగోత్రి" (1934) సంపుటిలో పేదవాని ఆకలి ప్రధాన వస్తువుగా ప్రవేశించింది. ఇందులోని "జఠరాగ్ని" (1932) కవిత, ఆకలిని పట్టించుకోని వైభవం ఎంతోకాలం నిలువదని హెచ్చరిస్తుంది.

"నిశీథ్" (1939) ఆయన పరిణతికి గుర్తు. నిశీథమంటే అర్ధరాత్రి. ఆ పేరుగల కవితలో కవి అర్ధరాత్రిని ఆకాశంలో తాండవమాడే నటరాజుగా దర్శించాడు. వైదిక మంత్రాల లయను తలపించే ఈ కవితలో కొంత భాగాన్ని ముంబై లోకల్ రైలు ప్రయాణంలో వ్రాశాడని చెబుతారు. ఇదే సంపుటిలోని "ఆత్మానాం ఖండేర్" (ఆత్మ శిథిలాలు) 17 సానెట్ల మాలిక. మహానగరాన్ని జయించాలనుకొన్న యువకుని కలలు ఒక్కొక్కటిగా కూలిపోగా, చివరకు అతడు యథార్థాన్ని ఉన్నదున్నట్లు స్వీకరించడం ఇందులోని ఇతివృత్తం. విశ్వశాంతిలోని ఆశకు ఇక్కడే తొలి పరీక్ష ఎదురైంది. గుజరాతీ సానెట్‌కు పాదులు వేసిన బలవంతరాయ్ ఠాకోర్ ప్రభావం, సంస్కృత వృత్తాలపై అధికారం ఈ కవితలలో కనిపిస్తాయి.

ఇతర ప్రక్రియలు

"సాప్ నా భారా" (1936) ఏకాంకికలలో గ్రామీణ స్త్రీల దుఃస్థితిని, కులభేదాలను పల్లెప్రజల మాటలలోనే చూపించాడు. "వాసుకి" అనే కలంపేరుతో కూడా రచనలు చేశాడు. "ప్రాచీనా" (1944), "మహాప్రస్థాన్" (1965) సంపుటాలలో పురాణ పాత్రల సంవాదాలను పద్యనాటికలుగా మలచాడు. వీటిలో "కర్ణ-కృష్ణ" పేరెన్నికగన్నది. భవభూతి ఉత్తరరామచరితాన్ని, కాళిదాసు శాకుంతలాన్ని గుజరాతీలోనికి అనువదించాడు. 1947 నుండి 1984 వరకు "సంస్కృతి" పత్రికను నడిపాడు.

ఛిన్నభిన్న ఛుం - సప్తపదీ

1956లో వ్రాసిన "ఛిన్నభిన్న ఛుం" (ఛిన్నాభిన్నమై ఉన్నాను) గుజరాతీ కవిత్వంలో ఒక మలుపు. స్వాతంత్ర్యం వచ్చినా మనిషిలో ఏకత్వం రాలేదన్న వేదన ఇందులో ఉంది. వస్తువుకు తగినట్లుగానే ఛందస్సు సైతం విరిగి ముక్కలైంది. వృత్తాలలో సిద్ధహస్తుడైన కవి తానే వాటిని విరచడం వలన ఈ ప్రయోగానికి బరువు వచ్చింది. దీని తరువాతి "శోధ్" (అన్వేషణ) మొదలైనవాటితో కలిపి, పాతికేళ్ళ కాలంలో వ్రాసిన ఏడు దీర్ఘకవితలు 1981లో "సప్తపదీ"గా వెలువడ్డాయి.

ప్రజాజీవితము

1954లో గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా చేరి, 1966 నుండి 1972 వరకు ఉపకులపతిగా పనిచేశాడు. 1970-76 మధ్య రాజ్యసభకు నామినేటెడ్ సభ్యుడు. 1975లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు, నామినేటెడ్ సభ్యుడై ఉండి కూడా సభలో దానిని వ్యతిరేకించాడు. యౌవనంలో జైలుకు వెళ్ళిన కవి వార్ధక్యంలోనూ స్వేచ్ఛ విషయంలో రాజీపడలేదు. 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ అధ్యక్షుడయ్యాడు. 1979-82 మధ్య విశ్వభారతి కులపతిగా ఉన్నాడు. 1988లో ముంబైలో మరణించాడు.

పురస్కారాలు

* 1939 - రంజిత్‌రామ్ సువర్ణ చంద్రక్
* 1967 - జ్ఞానపీఠ పురస్కారం. గుజరాతీ భాషకు ఇది మొదటిది. మూడేళ్ళ తరువాత, 1970వ సంవత్సరానికి, విశ్వనాథ సత్యనారాయణ ద్వారా తెలుగుకు ఈ గౌరవం దక్కింది.
* 1973 - "కవినీ శ్రద్ధా" విమర్శ గ్రంథానికి సాహిత్య అకాడమీ పురస్కారం

ముఖ్య రచనలు

* కవిత్వం: విశ్వశాంతి (1931), గంగోత్రి (1934), నిశీథ్ (1939), ప్రాచీనా (1944), ఆతిథ్య (1946), వసంతవర్షా (1954), మహాప్రస్థాన్ (1965), అభిజ్ఞా (1967), ధారావస్త్ర (1981), సప్తపదీ (1981)
* ఏకాంకికలు: సాప్ నా భారా (1936)
* కథలు: శ్రావణీ మేళో (1937)
* నవల: పారకాం జణ్యాం (1940)
* వ్యాసాలు: గోష్ఠి (1951), ఉఘాడీ బారీ (1959)
* విమర్శ: అఖో - ఏక్ అధ్యయన్ (1941), కవినీ శ్రద్ధా