వార్డుకు వెళ్లే ముందు ఏ పుస్తకం?

వార్డు పోస్టింగులు మొదలవగానే మెడికోలు అడిగే మొదటి ప్రశ్న "ఏ పుస్తకం కొనాలి?" హచిసన్ అంటాడొక సీనియరు. వైవా గట్టెక్కడానికి పి.జె. మెహతా చాలంటాడు ఇంకొకడు. సర్జరీకి ఎస్. దాస్ ఉండనే ఉంది. నేను కామర్సు చదివినవాణ్ణి, వైద్యం నా సబ్జెక్టు కాదు. కానీ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది హేతువాదులందరికీ సంబంధించిన ప్రశ్నే కదా!

రెండో శతాబ్దపు గేలెన్ కోతుల్ని, పందుల్ని కోసి చూసి మనిషి శరీరం గురించి రాశాడు. ఐరోపా ఆయన్ని వెయ్యేళ్లకు పైగా ప్రమాణంగా పెట్టుకుంది. ప్రొఫెసరు పీఠమెక్కి గ్రంథం చదివేవాడు, కింద మంగలి శవాన్ని కోసేవాడు. 1543లో వెసాలియస్ తన గ్రంథంలో, మనిషి కింది దవడ గేలెన్ చెప్పినట్టు రెండెముకలు కాదు, ఒక్కటే అని చూపించాడు. దానికి ఆయన గురువు సిల్వియస్ ఏమన్నాడో తెలుసా? గేలెన్ తప్పు కాదట, ఆ తర్వాత మనుషుల శరీరాలే మారిపోయాయట! ఇలాంటి సమర్థనలు మనకూ కొత్తేమీ కాదు.

మన సుశ్రుతుడైతే శవాన్ని నీటిలో ఏడు రోజులు నానబెట్టి, పొరపొరా గీకి కళ్లారా చూడమన్నాడు. తర్వాతివాళ్లు శ్లోకాలు మిగుల్చుకుని శవాన్ని మైల అన్నారు. ఆ మైలను కాదని 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో కత్తి పట్టినవాడు మధుసూదన గుప్త. ఆయన సంస్కృత పండితుడు, ఆయుర్వేదం బోధించినవాడు. హూపర్ రాసిన విద్యార్థుల అనాటమీ చేతిపుస్తకాన్ని సంస్కృతంలోకి తెచ్చిందీ ఆయనే. పుస్తకమూ కావాలి, శవమూ కావాలి అన్నమాట.

ఇక హచిసన్ సంగతి. హచిసన్, రైనీ కలిసి రాసిన 'క్లినికల్ మెథడ్స్' మొదటి ముద్రణ 1897. సరిగ్గా ఆ ఏడే ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన వ్యాసం అచ్చయింది డిసెంబరులో. అంటే ఆ ముద్రణ కొన్న విద్యార్థికి అందులో దోమ సంగతి దొరికే అవకాశమే లేదు. పుస్తకం గొప్పదే, కానీ దానికీ ఒక తేదీ ఉంటుంది.

కడుపులో పుండుకు ఆమ్లం, ఆందోళన కారణమని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలు చెప్పాయి. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ బాక్టీరియాను పట్టుకున్నారు. నమ్మేవాళ్లు తక్కువై 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. నోబెల్ 2005లో వచ్చింది.

మా డిఫెన్స్ అకౌంట్స్‌లో రూల్సు పుస్తకాలకు కరెక్షన్ స్లిప్పులు వచ్చేవి. అవి అతికించని పుస్తకం చూసి బిల్లు పాస్ చేస్తే ఆడిట్ అభ్యంతరం తప్పదు. డబ్బు విషయంలోనే ఇంత పట్టింపు. ప్రాణం విషయంలో?

అందుకే అడిగిన పిల్లలకు ఇలా చెబుతుంటాను: కోఠీ ఫుట్‌పాత్ మీద పాత హచిసన్ చవగ్గా దొరికితే తీసుకోండి. కాలేయం తడిమి చూసే పద్ధతికి పెద్దగా కాలదోషం పట్టదు. మందుల పేజీలకు మాత్రం కొత్త ఎడిషనే చూడండి.