పులిదిండి 'సాక్షి': అనుకరణ విచారము

గోదావరి ధవళేశ్వరముకడఁ జీలి గౌతమీవసిష్ఠలుగాఁ బ్రవహింప, వాని నడుమ నేర్పడిన భూమి కోనసీమ. అందు ఆత్రేయపురము మండలమునకుఁ జేరిన పులిదిండి గ్రామము తెలుఁగు కథాచరిత్రమున స్మరింపఁదగినది. ముళ్ళపూడి వెంకటరమణ తన 'సాక్షి' కథానికను తెరకుఁ దగినట్లు పెంచి వ్రాయఁగా, చిత్రకారుఁడైన బాపు 1967లో దానిని తన తొలి చలచ్చిత్రముగా వెలువరించెను. అందలి యధికభాగము మదరాసు సెట్టులందుఁ గాక, యీ గ్రామమునందును నదీతీరమునందును నలుపుతెలుపులలోఁ దీయఁబడినది.

ఈ కృతిని గూర్చి యొక యాక్షేపము కలదు. ఇది 1952 నాఁటి యాంగ్ల చలచ్చిత్రము 'హైనూన్'నకు నీడ యనియు, కావున మన సాహిత్యచరిత్రమున దీనికిఁ జోటు లేదనియుఁ జెప్పవచ్చును. ప్రేరణ మచటిదే యనుట నిజము. న్యాయపక్షమున నిలిచిన యొంటరివాఁడు, పగఁబట్టి తిరిగివచ్చు ఘాతుకుఁడు, మొగము చాటువేయు నూరివారు: ఈ మూఁడును రెంట సమానములు.

అయినను నీడ యని తీర్మానించుటకు ముందు మూలముయొక్క మూలమును జూడవలెను. 'హైనూన్' సయితము జాన్ కన్నింగ్‌హామ్ 1947లోఁ 'గోలియర్స్' పత్రికయందుఁ బ్రకటించిన 'ది టిన్ స్టార్' అను కథనుండి పుట్టినది. ఆ కథలోని యధికారి భార్య యంతకుముందే గతించినది. చలచ్చిత్రకారులు నవవధువును గల్పించి, పగవాఁడు వచ్చు దినముననే వివాహము జరిపించిరి. మూలమునుండి గ్రహించి మార్చినను ఆ చిత్రమును స్వతంత్రకృతిగా లోకము మన్నించినది. ఆ న్యాయమే 'సాక్షి'కిని జెల్లవలెను.

ఇఁక రమణ చేసిన మార్పు లెట్టివి? మొదటిది నాయకుని వృత్తి. అచటి నాయకుఁడు అధికారచిహ్నము ధరించినవాఁడు; ఎదిరించుట వాని యుద్యోగధర్మము. ఇచటి కిష్టప్ప రేవు దాఁటించి పొట్టపోసికొనువాఁడు. వానికి నాయుధము లేదు, అధికారము లేదు. హత్యను గన్నులారఁ జూచి, చూచినదానిని న్యాయస్థానమునఁ జెప్పుటయే వాఁడు చేసిన యపరాధము. పేరుననే యీ భేదము తెలియును: అది వేళనుబట్టి పెట్టిన పేరు, ఇది మనుష్యునిబట్టి పెట్టినది.

రెండవది వివాహము. ఆ చిత్రమున వివాహము కథారంభమున జరిగి, భార్య యహింసావ్రతమునకును భర్త కర్తవ్యమునకును నడుమఁ దగవు పెట్టినది. ఇచటఁ గథానాయిక చుక్క, పగవాఁడైన ఫకీరునకుఁ దోఁబుట్టువు. చెల్లెలి మాంగల్యమును దెంచుటకు అన్న చేయి వెనుదీయునను నాశతో నామె కిష్టప్పను బెండ్లాడును. వివాహమే కవచమైనది. ఆఁడుపడుచు పసుపుకుంకుమలు గాచుట యన్నకు ధర్మమను తెలుఁగిండ్ల విశ్వాసమే యీ ఘట్టమునకు బలము.

కథలు దేశాంతరమేగుట యెచటను గలదు. జపాను రచయిత్రి యోకో కమియో 1992లో నారంభించిన బొమ్మల ప్రేమకథ 'హనా యోరి దాంగో' 2001లోఁ దైవాను టెలివిజనున 'మీటియర్ గార్డెన్' అను పేరఁ దదీయభాషతో, తదీయనటులతో మఱల జన్మించెను. ఎచటినుండి వచ్చె నని మాత్రమే యడిగి విరమించినచో విచారము సగముననే నిలిచిపోవును. వచ్చి యేమయ్యె నని కూడ నడుగవలెను.

'సాక్షి' యేమయ్యెనో గోదావరి చెప్పును. రమణ ధవళేశ్వరమునను, బాపు వసిష్ఠాతీరమందలి నరసాపురమునను జన్మించిరి. రేవు వారికి యలంకారము కాదు, ఎఱిఁగిన చోటు. ఇందు నటించిన రంగారావు జీవితాంతము 'సాక్షి' రంగారావుగాఁ బ్రసిద్ధుఁడగుట, ఆ పేరు తెలుఁగువారి నోట నెంతగా నాటుకొనెనో తెలుపును.

కావున నిట్టి కృతులను అనుకరణములని త్రోసిపుచ్చక, మార్పులను మూలముతోఁ బోల్చి బాలురకు బోధించుట మేలు. ఊరంతయు మౌనము వహించినప్పుడు చూచినది చెప్పిన యొక పడవవాని కథకు మన చరిత్రకారులే మొగము చాటువేయరాదు.