తాతగారి రాజీనామా

మా తాతగారు ఏనాడూ ఏ కొలువూ చేసి ఎరుగరు. బోధను తాలూకాలో నిజాంసాగరు కాలువ కింద చెరకు, వరి పండించుకొన్న రైతు. అయినను మా ఇంటి రేకుపెట్టెలో ఆయన వేలిముద్రతో ఒక ‘రాజీనామా’ ఉండేది. ఉద్యోగమే లేనివాడు దేనికి రాజీనామా ఇచ్చినట్లు? చిన్ననాడు నాకు ఎంతకూ బోధపడేది కాదు.

ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న మా నాయనగారు ఒకనాడు ఆ చిక్కు విప్పారు. ఉర్దూ న్యాయపరిభాషలో రాజీనామా అనగా ఉభయపక్షాలు సమాధానపడి న్యాయస్థానానికి సమర్పించే ఒడంబడిక. గట్టు తగాదాలో తాతగారు తన భూమిలో కొంత పొరుగువానికి వదలుకొన్నట్లు అందులో ఉన్నది. ఆయనేమో వాయిదా కోరే అర్జీ అనుకొని వేలిముద్ర వేశారట. వకీలు చదివి వినిపించలేదు. వినిపించినా అది ఆయనకు రాని భాష. మా నాయనమ్మ మాత్రం పోయిన భూమి కన్న ఆ గట్టు మీది చింతచెట్టుకే ఎక్కువ వగచేది.

హైదరాబాదు సంస్థానంలో పారసీకం స్థానంలో ఉర్దూ 1880ల దశకంలో పరిపాలనాభాష అయింది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం న్యాయశాస్త్రాన్ని కూడ ఉర్దూలోనే బోధించింది. ఆంగ్లాన్ని కాదని ఒక దేశభాషలో ఉన్నతవిద్య గరపిన ఆ సాహసాన్ని, తెలుగు పండితుడనైనను, నేను తక్కువ చేయను. 1921లోనే న్యాయశాఖను కార్యనిర్వాహకశాఖ నుండి వేరుచేసిన సంస్థానమది. ఆ ఏడాదే హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానంలోనుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1937లో మా నిజామాబాదులో ఆరవ ఆంధ్రమహాసభ జరిగింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి ఉద్యమ ప్రముఖులు వృత్తిచేత వకీళ్ళు. పగలంతా కచేరీలో ఉర్దూలో వాదించి, తెలుగు కోసం పాటుపడినవారు!

ఆ కచేరీ మాటలు మన నోళ్ళలో ఎట్లు తలక్రిందులైనవో చూడండి. ఉర్దూలో ‘ముద్దయీ’ అనగా వాది, దావా తెచ్చినవాడు. మనకు ముద్దాయి నేరం మోపబడినవాడు. కోర్టుకెక్కినవాడే దోషి అవుతాడని మనవారు అనుభవం మీద గ్రహించారేమో అని నాకొక కొంటె సందేహం.

1966లో తెలుగు అధికారభాష అయింది. అయినా ఉన్నత న్యాయస్థానం ఆంగ్లంలోనే నడిచింది. తెలంగాణ హైకోర్టు ఒక కుటుంబ ఆస్తి వివాదంలో తెలుగు తీర్పు వెలువరించినది 2023లో. బీదవానికి ఉచిత న్యాయసహాయం అందించవలెనన్న 39ఏ అధికరణం 1976లో రాజ్యాంగంలో చేరింది. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9న గాని అమలులోకి రాలేదు. దాని పన్నెండవ విభాగంలో స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారితోపాటు పరిశ్రమ కార్మికులు కూడ ఉన్నారు. 2015 డిసెంబరులో శక్కర్‌నగరు చక్కెర కర్మాగారం మూతపడ్డప్పుడు ఆ సంగతి ఎరిగిన కార్మికులు నాకు కొద్దిమందే కనబడ్డారు.

కెనడాలో 1982 నాటి హక్కుల పత్రం పద్నాలుగవ విభాగం, విచారణ భాష రాని కక్షిదారునికీ సాక్షికీ దుబాసీని పొందే హక్కునిచ్చింది. అది చదివిన నాడు తాతగారు జ్ఞాపకం వచ్చారు.

కొన్నేండ్ల క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు, ఆ కర్మాగారంలో పనిచేసినవాడే, అన్నదమ్ముల భూమి పంపకం విషయమై లోక్ అదాలత్‌కు పోతూ నన్ను తోడు రమ్మన్నాడు. అక్కడ కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానం. కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది గాని, దాని మీద అప్పీలు లేదు. కాగితం ఆంగ్లంలో ఉన్నది. సంతకం చేయుమని కలం చేతికిచ్చారు.

“సారూ, ఇండ్ల ఏం రాసిండ్రో జర చూడుండ్రి” అన్నాడు.

తెలుగులో చదివి వినిపించండని న్యాయవాదిని అడిగాను. ఆయన కొంచెం విసుగుకొన్నా, వాక్యం వాక్యం చెప్పారు. పది నిమిషాలు పట్టింది. రెండవ పుటలో సర్వే నంబరు తప్పు పడింది. దానిని దిద్దించిన తరువాత మావాడు సంతకం చేశాడు.