షరియత్ – సర్కారీ చట్టము: కొంత చరిత్ర



మా పాఠశాలలో ఆరో తరగతికి భిన్నములు చెప్పేటప్పుడు రొట్టె ముక్కలు, మామిడి పండ్లు చాలించి, ఒక్కోసారి విరాసత్ లెక్క బోర్డు మీద వేస్తుంటాము. ఒక మనిషి చనిపోయినాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఎనిమిది ఎకరాల భూమి ఉన్నది. ఎవరికి ఎంత? భార్యకు ఎనిమిదో వంతు, అనగా ఒక ఎకరా. మిగిలిన ఏడెకరాలను ఐదు పాళ్లు చేసి కొడుకులకు రెండేసి పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకు తలా 2 ఎకరాల 80 సెంట్లు, కూతురికి 1 ఎకరా 40 సెంట్లు వస్తాయి. పిల్లలు ఈ లెక్క ఇష్టంగా చేస్తారు. ఒకసారి ఒక పాప లెక్క అంతా సరిగ్గా చేసి, "సార్, మరి మా అమ్మకు మామలు ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగింది. అంతలో గంట కొట్టినారు. మేము బయటపడినాము.

సివిల్ చట్టమునకు మతధర్మము ఆధారముగా ఉండవలెనా, లేక దేశమంతటికీ ఒకే చట్టము ఉండవలెనా అన్న వాదన ఈ మధ్య టీ కొట్లలో కూడా జరుగుతున్నది. ఉండవలెను అనేవారూ, కూడదు అనేవారూ ఒక విషయంలో మాత్రం ఒకటే మాట్లాడుతారు. కోర్టులో నడిచే 'ముస్లిం పర్సనల్ లా' అంటే ఖురాన్ షరీఫ్ నుండి నేరుగా వచ్చి జడ్జిగారి బల్ల మీద కూర్చున్నదే అని ఇద్దరూ అనుకుంటారు. చరిత్ర చూస్తే అది చాలా మలుపులు తిరిగి వచ్చినది. ఆ మలుపులను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

1772లో బెంగాలులో వారన్ హేస్టింగ్స్ కంపెనీ కోర్టులకు ఒక పద్ధతి ఏర్పరచినాడు. వారసత్వము, వివాహము మొదలైన వాటిలో ముసల్మానులకు ఖురాను చట్టము, హిందువులకు శాస్త్రము అని. వినడానికి మర్యాదగానే ఉన్నది. కానీ తీర్పు చెప్పే ఇంగ్లీషు దొరకు అరబ్బీ రాదు. మొదట్లో మౌల్వీలను పక్కన కూర్చోబెట్టుకుని ఫత్వా అడిగేవారు. తర్వాత వారి మీద నమ్మకం చాలక, పుస్తకమే కావాలనుకున్నారు. ఫర్గానా ప్రాంతపు మర్గీనానీ (మరణం 1197) అరబ్బీలో వ్రాసిన 'హిదాయా' అనే హనఫీ గ్రంథమును ముందు ఫారసీలోకి, ఆ ఫారసీ నుండి చార్లెస్ హామిల్టన్ ద్వారా ఇంగ్లీషులోకి తెప్పించినారు. 1791లో అచ్చయినది. అనువాదానికి అనువాదం అన్నమాట. మా బడిలో ఒకడి నోటుపుస్తకం చూసి ఇంకొకడు, వాడిది చూసి మరొకడు ఎక్కించుకుంటే ఏమి జరుగుతుందో మాకు బాగా తెలుసు. ఫిఖా గ్రంథాలలో ఒకే ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు ఇమాముల అభిప్రాయాలు పక్కపక్కనే ఉంటాయి. ముఫ్తీ మనిషిని, సందర్భాన్ని చూసి చెప్పేవాడు. కోర్టుకు మాత్రం ఒక్క జవాబే కావాలి, పైగా ఒకసారి చెప్పిన తీర్పు తర్వాతి కేసుకు నజీర్ అవుతుంది. ఈ విధముగా వంద సంవత్సరాలలో తయారైనదానికి 'మొహమ్మడన్ లా' అని పేరు పెట్టినారు.

మిగతా భాగములు ఒక్కొక్కటే పోయినవి. శిక్షల విషయంలో 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 1862 నుండి అమలుకు వచ్చి, అందరికీ ఒకే చట్టమైనది. సాక్ష్యమునకు 1872లో వేరే చట్టము వచ్చినది. 1864లో కోర్టులలోని ఖాజీ, ముఫ్తీ, పండిత పదవులు తీసివేసినారు. 1880 నాటి ఖాజీల చట్టము మళ్లీ ఖాజీని నియమించవచ్చునన్నది గానీ, ఆయనకు తీర్పు చెప్పే అధికారం ఏమీ ఇవ్వలేదు. నిఖా రిజిస్టరు మిగిలినది, గద్దె పోయినది. దొంగతనానికీ, హత్యకూ మతచట్టము పోయిన తర్వాత కూడా పెళ్లికీ, ఆస్తికీ ఎందుకు మిగిలినదంటే, అందులో సర్కారుకు నష్టం లేదు గనుక అని మా అనుమానం.

మరి ఆస్తి విషయంలోనైనా షరియత్ పూర్తిగా నడిచినదా? లేదు. ఇది మనవారు చాలామంది గమనించని సంగతి. 1847లో బొంబాయిలో ఖోజా, మేమన్ కుటుంబాల ఆడపడుచులు తండ్రి ఆస్తిలో ఖురాను ప్రకారం తమ వాటా ఇప్పించమని సుప్రీం కోర్టుకు వెళ్లినారు. ఆ కాలపు బొంబాయి సుప్రీం కోర్టు అది. సర్ ఎర్స్కిన్ పెర్రీ అనే జడ్జి, వారి కులాచారములో ఆడవారికి వాటా లేదు కనుక ఆచారమే చెల్లుతుందని తీర్పు చెప్పినాడు. పంజాబులోనూ భూస్వాముల కుటుంబాలలో కూతుళ్లకు భూమి ఇవ్వని ఆచారమే నడిచినది. నమాజుకు షరియత్, పొలానికి రివాజు!

1937 నాటి షరియత్ చట్టము వచ్చినది ఈ రివాజును తొలగించుటకే. ఆచారముల వలన ఆడవారి హక్కులు పోతున్నవని ముస్లిం మహిళా సంఘాలు కోరినట్లు బిల్లు కారణములలోనే వ్రాసి ఉన్నది. వారసత్వము, నిఖా, తలాఖ్, మెహర్, భరణము, హిబా, వక్ఫ్ – వీటిలో ముసల్మానులకు షరియత్ వర్తించునని చట్టము చెప్పినది. అయితే అందులో ఒక చిన్న మినహాయింపు వాక్యం పడినది: వ్యవసాయ భూమి తప్ప. 1935 నాటి ఇండియా చట్టము ప్రకారం వ్యవసాయ భూమి రాష్ట్రాల పద్దులో ఉన్నది, ఢిల్లీ సభకు అధికారం లేదు అన్నది కారణం. కారణం నిజమే. కానీ ఆ రోజులలో పల్లెలో ఉండే ముసల్మానుకు భూమి తప్ప వేరే ఆస్తి ఏమున్నది? రెండు గేదెలు, నాలుగు రాగి బిందెలు.

మన ప్రాంతానికి మాత్రం ఆ లోటు త్వరగానే తీరినది. 1949లో మద్రాసు రాష్ట్ర సభ ఆ మినహాయింపు మాటలను కొట్టివేసినది. అప్పుడు మన కర్నూలు, కడప, గుంటూరు, నెల్లూరు అన్నీ మద్రాసులోనివే. కనుక కాగితం మీద ఆనాటి నుండి మన ఆడపడుచుకు మాగాణిలోనూ మెట్టలోనూ వాటా ఉన్నది. అది ఎందరి చేతికి వచ్చినదో చివర చెబుతాము.

1939 చట్టము సంగతి ఇంకా ఆసక్తికరము. భర్త కనిపించకుండా పోతే భార్య ఏమి చేయవలెను? మన హనఫీ గ్రంథాల ప్రకారం అతడికి సుమారు తొంభై ఏళ్లు నిండేదాకా ఎదురు చూడవలెను. కొట్టే భర్త, తిండి పెట్టని భర్త నుండి విడిపోవుటకు కూడా దారి చాలా ఇరుకు. పంజాబులో కొందరు స్త్రీలు వేరే దారిలేక, మతం విడిచినట్లు ప్రకటించి నిఖా రద్దు చేయించుకొనసాగినారు. ఉలేమాలకు ఇది పెద్ద దెబ్బ. అప్పుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ వంటి గట్టి హనఫీ ఆలిం, 1930ల తొలినాళ్లలో 'అల్ హీలతున్ నాజిజా' అనే పుస్తకం వ్రాసి, ఇటువంటి అవసరంలో మాలికీ మజహబు అభిప్రాయం తీసుకోవచ్చునన్నారు. దాని ఆధారంగానే భర్త జాడ నాలుగు సంవత్సరాలు తెలియకపోతే, రెండు సంవత్సరాలు భరణం ఇవ్వకపోతే భార్య కోర్టుకు పోవచ్చునని చట్టము వచ్చినది. ముస్లిం జడ్జియే విచారించవలెనన్న ఉలేమాల కోరిక మాత్రం సభలో నిలవలేదు.

మేము ఈ చట్టమును మాటిమాటికీ తలచుకుంటాము. షరియత్ లో ఒక్క అక్షరం కదపరాదనేవారు దీనిని మరచిపోతారు. షరియత్ అంటే కదలని రాయి అనేవారూ దీనిని మరచిపోతారు. ఒక ఆడమనిషి కష్టం చూసి పెద్ద ఆలిములే ఒక మజహబు గడప దాటి ఇంకొక మజహబు గడప తొక్కినారు. దీన్ చెడిపోలేదు.

1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో ఈ వాదనంతా ఒక్కరోజున బయటపడినది. ఒకే సివిల్ స్మృతి గురించిన నిబంధన (ఇప్పటి 44వ అధికరణం) చర్చకు రాగా, మద్రాసు సభ్యులు మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబు, ఏ సమాజమునూ దాని పర్సనల్ లా వదులుకొమ్మని నిర్బంధించరాదని సవరణ తెచ్చినారు. పోకర్ సాహెబు, మహబూబ్ అలీ బేగ్ సాహెబు కూడా ఆ వైపే మాట్లాడినారు. మున్షీగారు, మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు ఎదురు జవాబు చెప్పినారు. అంబేద్కర్ గారు ఇప్పుడు మేము పైన వ్రాసిన చరిత్రనే గుర్తు చేసినారు: సరిహద్దు రాష్ట్రంలో 1935 దాకా ముసల్మానులకు షరియత్ వారసత్వము లేదు, ఉత్తర మలబారులో మరుమక్కత్తాయం నడిచినది అని. సవరణ వీగిపోయినది. కానీ ఆయన చివరన ఒక భరోసా ఇచ్చినారు. ముందు ముందు పార్లమెంటు అటువంటి స్మృతి చేసినా, మొదట ఇష్టపడినవారికే వర్తింపజేయవచ్చునని. ఆ సభలో ఇరువైపులవారి మాటలూ చదివితే నేటి టీవీ చర్చలు చూడబుద్ధి కాదు.

తర్వాతి కథ పాఠకులకు తెలిసినదే. 1985 షాబానో తీర్పు, 1986 చట్టము. ఆ చట్టము ప్రకారమే ఇద్దత్ లోపల జీవితాంతానికి సరిపడే ఏర్పాటు చేయవలెనని 2001లో దానియల్ లతీఫీ కేసు తీర్పు. 2017లో ఒకేసారి మూడు తలాఖులు చెల్లవని తీర్పు, 2019లో దానిని నేరం చేస్తూ చట్టము. 2024 జులైలో తెలంగాణ నుండి వెళ్లిన కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షను క్రింద భరణం అడగవచ్చునని సుప్రీం కోర్టు మాట. 2025 జనవరి 27 నుండి ఉత్తరాఖండులో ఒకే సివిల్ స్మృతి అమలుకు వచ్చినది. అందులోనూ షెడ్యూల్డు తెగలను మినహాయించినారు. అందరికీ ఒకటే అన్నచోట కూడా కొందరికి గౌరవంగా తలుపు తెరిచి ఉంచినారన్నమాట. మనవారు అడిగితే మాత్రం వెనుకబాటుతనము.

మా అభిప్రాయం అడిగితే చెబుతాము, కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చు. ఒక సమాజం తన దీన్ నుండి పెళ్లికీ ఆస్తికీ నియమాలు తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ నియమం కోర్టు గడప తొక్కిన క్షణం నుండి అది మనుషులు చదివి, మనుషులు అనువదించి, మనుషులు వోటు వేసిన చట్టము. అందులో తప్పు దిద్దమంటే దీన్ ను దిద్దమన్నట్లు కాదు. దిద్దే పని 1939లో వలె మన లోపలి నుండి మొదలైతే జనం ఒప్పుకుంటారు. మన మీద కోపంతో బయటి నుండి వస్తే, మంచి మాట అయినా గుండెకు ఎక్కదు. అయితే లోపలివారు ఎన్నాళ్లు కూర్చుంటారు అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే.

ఇక 1 ఎకరా 40 సెంట్ల సంగతి. బోర్డు మీద మేము వేసే లెక్క కల్పించినది కాదు, మా ఇంటిదే. కర్నూలు జిల్లాలోని మా పల్లెలో మా దాదాగారు 1968లో పోయినారు. ఎనిమిది ఎకరాలు, దాది, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మద్రాసు సవరణ వచ్చి అప్పటికి పందొమ్మిదేళ్లు. మరుసటి సంవత్సరం మా ఫుప్పీని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి, హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేయించినారు. ఒక చీర, ఒక పాడి మేక ఇచ్చినారట. ఎవరూ బెదిరించలేదు. భూమి అడిగిన ఆడపిల్లకు ఈదునాడు పుట్టింటి పిలుపు ఉండదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. దస్తావేజు చట్టప్రకారం పక్కాగా ఉన్నది. మా నాన్నగారు అయిదు పూటలా నమాజు చదివే మనిషి.

నాన్నగారు పోయినప్పుడు ఆయన వంతు 2 ఎకరాల 80 సెంట్లను మేము పంచినాము. అమ్మకు 35 సెంట్లు, మా అన్నదమ్ములిద్దరికీ తలా 98, చెల్లెలికి 49. చెల్లెలు నాకెందుకు భాయీ అన్నది. రిజిస్టరు చేయించి పాసు పుస్తకం చేతిలో పెట్టినాము. ఊరిలో ఒకరిద్దరు నవ్వినారు కూడా. ఫుప్పీ లేదు ఇప్పుడు. ఆమె పిల్లలు ఈదుకు వచ్చి సేమ్యా తిని పోతుంటారు, ఎన్నడూ అడగలేదు. ఆ 1 ఎకరా 40 సెంట్లలో సగం, అంటే 70 సెంట్లు, మా నాన్నగారి 2.80లో కలిసే ఉన్నదో లేదో ఈ మధ్య పాత దస్తావేజులు ముందు పెట్టుకుని మేమూ మా తమ్ముడూ చూస్తున్నాము.