వైద్య చరిత్ర - శ్రవ్య బోధన

రేడియో, పాడ్‌కాస్ట్ కార్యక్రమాల ద్వారా వైద్య చరిత్రను చెప్పే పద్ధతి. 2007లో బి.బి.సి. రేడియో 4 కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు ఆండ్రూ కన్నింగ్‌హామ్‌తో ఆధునిక వైద్య వికాసంపై 30 భాగాల ధారావాహికను ప్రసారం చేసింది. అమెరికా వైద్యుడు ఆడమ్ రాడ్‌మన్ నడిపే ‘బెడ్‌సైడ్ రౌండ్స్’ పాడ్‌కాస్ట్ కూడా ఈ కోవలోదే.

చెవితో నేర్చుకోవడానికి స్టెతస్కోపు కథను మించిన పాఠం లేదు. 1816లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో వైద్యుడు రెనే లెనెక్ ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె మీద, రెండో కొస తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించి విన్నప్పటి కంటే స్పష్టంగా గుండె చప్పుడు వినిపించింది. తర్వాత కొయ్య గొట్టం తయారుచేసి, ఎందరో రోగులను పరీక్షించి, 1819లో గ్రంథం వెలువరించాడు. ఈ ఘట్టం చెబుతూ ఆరోగ్యవంతుడి గుండె చప్పుడును, వెంటనే కవాటం సరిగా మూసుకోని గుండె చేసే ఊదినట్టుండే శబ్దాన్ని వినిపిస్తే తేడా ఇట్టే పట్టుబడుతుంది. అచ్చు పుస్తకం ఈ పని చేయలేదు. శరీర నిర్మాణ చిత్రాల చరిత్ర మాత్రం మాటలకు అంతగా లొంగదు.

తెలుగు శ్రోతలకు చెప్పదగిన కథ ఇంటి దగ్గరే ఉంది: దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాదులోనే.