పోటీయు మర్యాదయు

విదేశములందలి మన యాంధ్రులు తఱచుగ నొక చింత వెలిబుచ్చుచుందురు: ఎన్నికలలో పరస్పరదూషణము ముదిరినచో దేశైక్యము నిలుచునా? నంద్యాల, ఆళ్లగడ్డల యిటీవలి చరిత్రము దీనికిఁ గొంత సమాధాన మొసఁగుచున్నది.

1991 జూన్‌లో ప్రధానమంత్రి యగునాఁటికి శ్రీ పి.వి. నరసింహారావుగారు పార్లమెంటు సభ్యులు కారు. ఆళ్లగడ్డ గంగులవారి కుటుంబమునకుఁ జెందిన ప్రతాపరెడ్డిగారు తమ నంద్యాల స్థానమును వారికై విడిచిరి. కాంగ్రెసు నెదిరించుటకై 1982లో తెలుగుదేశమును స్థాపించిన శ్రీ నందమూరి తారక రామారావుగారు, తెలుగువాఁడు ప్రధాని యయ్యెనని, తమ పక్షమున నభ్యర్థిని నిలుపలేదు. భారతీయ జనతాపార్టీ పక్షమున శ్రీ బంగారు లక్ష్మణ్‌గారు పోటీచేసిరి. నవంబరులో రావుగారు ఐదు లక్షలకు మించిన యాధిక్యముతో గెలిచిరి.

2014 ఏప్రిలులో ఆళ్లగడ్డ శాసనసభాస్థానమునకుఁ బోటీచేయుచున్న శ్రీమతి శోభా నాగిరెడ్డిగారు ప్రమాదమున మరణించిరి. అయినను ప్రజలు వారినే గెలిపించిరి. పిదప జరిగిన యుపయెన్నికలో వారి కుమార్తె పోటీ లేకయే యెన్నికైరి. 2017లో శాసనసభ్యులు భూమా నాగిరెడ్డిగారు మరణింపఁగా నంద్యాలలో జరిగిన యుపయెన్నిక మాత్రము ఘోరసంగ్రామమే యయ్యెను.

పోటీ దోషము కాదు. అది ప్రజాస్వామ్యమునకుఁ బ్రాణము. 1991లో లక్ష్మణ్‌గారు పోటీచేసినందున నైక్యము చెడలేదు. రామారావుగారు విరమించినందునఁ బ్రతిపక్షము నశింపలేదు. ప్రత్యర్థిని శత్రువుగ నెంచుటయే దోషము. దూరదేశములందలి సోదరులును స్వగ్రామకక్షలను సముద్రము దాఁటింపకుండుట యైక్యమునకుఁ దాము చేయఁదగిన తొలిసేవ.