ఎర్రమంజిల్ ఎవరిది?

కరీంనగర్ పేరు కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ నుంచి వచ్చిందంటారు. ఆదిలాబాద్ పేరు బీజాపూర్ ఆదిల్‌షాహీల నుంచి వచ్చిందంటారు. ఈ జిల్లాల్లో పుట్టి, ఈ మట్టిలోనే కలిసిపోయే మమ్మల్ని మాత్రం "మీరెక్కడ్నుంచి వచ్చిన్రు?" అని అడుగుతారు. ఊరికి మా పేరుంటుంది, ఊళ్లో మేం పరాయివాళ్లం! ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లోనే వెతకనక్కర్లేదు. హైదరాబాదులో ఒక ఇల్లుంది, దాన్నడిగినా చెబుతుంది.

నిజాం కొలువులో మంత్రిగా పనిచేసిన నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఒక గుట్ట మీద కట్టించుకున్న మహల్ అది. యూరపు పద్ధతి ఎత్తైన స్తంభాలు, గోడల మీద గచ్చు నగిషీలు, 150కి పైగా గదులు. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవాళ్లు. నవాబు తన ఇంటికి ఇరం మంజిల్ అని పేరు పెట్టాడు. ఫార్సీలో ఇరం అంటే స్వర్గం. దర్బారు వాళ్లకు అది స్వర్గసౌధం, తెలుగువాళ్లకు ఎర్రమంజిల్. రెండు భాషల వాళ్లూ తమదనుకునేలా కావాలనే ఆ పేరు ఎంచుకున్నాడని చెబుతారు.

తర్వాత అది సర్కారు చేతికొచ్చింది. మొదట రికార్డులు దాచే చోటయింది. ఆపైన రోడ్లు, భవనాలు, నీటిపారుదల శాఖల ఆఫీసులు అక్కడ నడిచాయి. నవాబు విందులిచ్చిన గదుల్లో ఫైళ్ల కట్టలు పేరుకున్నాయి.

మేం నవాబుల వారసులం కాదు. మా తాతలకు ఆ మహల్ లోపలికి పిలుపు లేదు. బీడీలు చుట్టినవాళ్లం, దూది ఏకినవాళ్లం, పంక్చర్లు వేసినవాళ్లం. నవాబు దర్జా మాకొద్దు. కానీ ఆ ఇంటి పేరులో కలిసిన రెండు మాటలు మావి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మా నాలుక అలాంటిదే.

2019 జూన్ 27న ఆ స్థలంలో కొత్త శాసనసభకు శంకుస్థాపన జరిగింది. పాత మహల్‌ను కూలగొట్టాలన్నారు. నవాబు వంశీకులూ, చరిత్ర మీద ప్రేమున్నవాళ్లూ కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. తెలంగాణ వచ్చిన ఐదేళ్లకే, తెలంగాణ గుట్ట పేరునూ ఫార్సీ మాటనూ కలిపి మోస్తున్న ఇంటిని తెలంగాణ సర్కారే కూల్చబోయింది. నిజాం కాలమంటే ముస్లింల కాలమని ఒక ముద్ర వేస్తే, దాని గోడలు ఎవరివీ కాకుండా పోతాయి. సున్నం కలిపిందెవరు? రాళ్లు మోసిందెవరు? ఆ కూలీల్లో అన్ని కులాలూ, అన్ని మతాలూ ఉన్నాయి.

ఎర్రమంజిల్ తెలంగాణదైతే మేమూ తెలంగాణ వాళ్లమే. పేరులో సగం చెరిపేసి మిగతా సగం ఉంచుకోవడం కుదరదు.